ఇంటిపేరు పొలుసు, ఊరు దక్కను



ఆదివారం పొద్దున మేడ్చల్‌లో చేపలు కొనేవాళ్ళకు తెలుసు, అక్కడ బేరం రెండుసార్లు చేయాలి. చేపకు ఒకసారి, కోతకు ఒకసారి. నాకు ఎప్పుడూ కోసిచ్చే ఒకామె ఉంది. ముందు కత్తిపీట, పక్కన బూడిద డబ్బా, వెనక నీళ్ళ బకెట్. రవ్వ చేతికిస్తే తోక పట్టుకుని తల వైపుకు గీకుతుంది. పొలుసులు చిటపటా ఎగిరి ఆమె కొంగు మీద, నా చెప్పుల మీద, పక్కవాడి స్కూటర్ అద్దం మీద అతుక్కుంటాయి. కొర్రమట్ట అయితే బూడిద పట్టించి బండకేసి రుద్దుతుంది. జెల్లకు ఆ బాధే లేదు, ఒంటి మీద పొలుసే ఉండదు. ఏ చేపకు ఎంత కష్టమో అంత కూలి. ఆ లెక్కలో ఆమె దగ్గర పొరపాటుండదు.

ఒక ఆదివారం ఆమె కాళ్ళ దగ్గర పక్కకు నెట్టేసిన చేప ఒకటి కనపడింది. జానెడున్నర పొడవు. నల్లటి ఒళ్ళు, దాని మీద చిరుతపులి మచ్చలు. వీపు మీద రెక్క విసనకర్రలా విచ్చుకుని ఉంది. నోరేమో కింద పొట్ట వైపుకు తిరిగి ఉంది.

"ఇదేం చేప అక్కా?" అన్నాను.

"దయ్యం చేప సారూ. రవ్వలల్ల కలిసొచ్చింది. ఎవ్వరు దినరు. కొయ్యరాదు, కత్తి మొండి వడ్తది. వలల వడ్డదంటే వల జింపుతది" అంది. "పొద్దు పొడవక ముందు తెచ్చిండ్రు, ఇంకా సావలే జూడు."

వంగి చూశాను. నిజమే, మొప్పల దగ్గర కదలిక ఉంది. వేలి గోటితో దాని వీపు మీద కొట్టాను. టక్ మంది. కొబ్బరి చిప్ప మీద కొట్టినట్టు. చేప ఒంటి మీద రావలసిన చప్పుడు కాదది.

ఆ చప్పుడు పట్టుకుని ఇంటికి వచ్చి దాని శాస్త్రీయ నామం వెతికాను. అక్కడ మొదలైన వెతుకులాట పద్దెనిమిది కోట్ల ఏళ్ళ కిందటి ఇంకో చేప దగ్గర ఆగింది. ఇవాళ చెప్పబోయేది ఆ రెండో చేప సంగతి. అయితే దారి ఈ దయ్యం చేప మీదుగానే వెళుతుంది.

దయ్యం చేప శాస్త్రీయ నామం టెరిగోప్లిక్తిస్. థియోడోర్ గిల్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు 1858లో పెట్టాడు. నోరు తిరగని పేరే, కానీ విడగొడితే మూడు గ్రీకు ముక్కలు. టెరిగ్ అంటే రెక్క. హోప్లాన్ అంటే ఆయుధం, యుద్ధ సామగ్రి. ఇక్తిస్ అంటే చేప. ఆయుధాలు తొడుక్కున్న రెక్కల చేప అన్నమాట. రెక్కకే ఇంకో గ్రీకు మాట టెరానూ, మన సంస్కృతంలోని పత్రమూ అక్కాచెల్లెళ్ళు. పత్రం అంటే ఆకే కాదు, పక్షి ఈక కూడా. వినాయక చవితికి మనం తెచ్చే పత్రికీ ఈ చేప పేరుకీ దూరపు చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఉంది.

చూశారా, కోసే ఆవిడ ఒక్క మాటలో చెప్పిందే గిల్ దొర గ్రీకులో చెప్పాడు. ఆమెకు కత్తి దిగలేదు, ఆయనకు ఆయుధం కనపడింది.

ఇలాంటి కవచధారి మన నేల మీద పూర్వం ఎప్పుడైనా ఉండేదా? ఉండేది. అయితే మేడ్చల్‌లో, మా శామీర్‌పేటలో వెతికితే దొరకదు. మా వైపు రాయి గ్రానైటు. శామీర్‌పేట చెరువు కట్ట మీద నిలబడి ఎటు చూసినా కనపడే గుట్టలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే గుండ్లు, ఇళ్ళకు పునాదులు తీస్తుంటే మూడడుగుల్లోనే తగిలి మేస్త్రీ చేత తిట్లు తినే బండ, అంతా 250 కోట్ల ఏళ్ళ నాటిది. భూమి లోపల కరిగిన ముద్ద చల్లారి గట్టిపడ్డ రాయి. అది పుట్టినప్పుడు లోకంలో చేప లేదు, చేపకు తాత లేడు. చేప అనదగ్గ జీవి పుట్టి 50 కోట్ల ఏళ్ళకు కాస్త అటూ ఇటూ అయింది, అంతే. కాబట్టి మా గుట్టల్లో శిలాజం వెతకడమంటే పెళ్ళి కాకముందే మనవడి కోసం ఊయల కట్టడమే.

శిలాజం కావాలంటే బురద కావాలి. నది తెచ్చి పోసిన ఒండ్రు, చెరువు అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు మడ్డి, దాని మీద ఇంకో పొర, ఆ బరువుకు గట్టిపడ్డ రాయి. అలాంటి రాయి మనకు గోదావరి లోయలో ఉంది. విచిత్రమేమంటే దానికి దారి మా ఊరి ముందు నుంచే పోతుంది. సికింద్రాబాద్ నుంచి అల్వాల్, హకీంపేట, తూంకుంట దాటి శామీర్‌పేట మీదుగా వెళ్ళే రాజీవ్ రహదారి ఎక్కండి. సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి, రామగుండం. అక్కడ గోదావరి దాటితే మంచిర్యాల. గ్రానైటు గుండ్లు ఎక్కడో వెనకబడిపోయి సింగరేణి బొగ్గు కనపడటం మొదలైందంటే మీరు గోండ్వానా అని పిలిచే పొరల రాళ్ళలోకి వచ్చినట్టే. అక్కడి నుంచి చెన్నూరు, ఆ పైన ప్రాణహిత. బొగ్గు పొరలకన్నా చిన్న వయసు రాళ్ళు ఆ ప్రాణహిత వెంట ఉన్నాయి. మా ఊళ్ళో బస్సెక్కినవాడు సాయంత్రానికి 200 కోట్ల ఏళ్ళు దాటేసి దిగుతాడు.

ప్రాణహితకు ఆవలి ఒడ్డున, సిరొంచకు దగ్గర్లో కోట అని ఒక పల్లె. ఇప్పుడది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అక్కడి సున్నపురాళ్ళ పొరలకు ఆ పల్లె పేరే పెట్టి భూగర్భ శాస్త్రజ్ఞులు కోట ఫార్మేషన్ అంటారు. నదికి ఇవతల మన తెలంగాణలోనూ అవే పొరలు. 19వ శతాబ్దం మధ్యలో అక్కడ తిరిగిన దొరలకు కావలసింది చేప కాదు, బొగ్గు. బొగ్గు తగులుతుందేమోనని కోట దగ్గర బోరు కూడా దింపారు. డాక్టర్ బెల్ అనే ఆయన ఆ చుట్టుపక్కల భూగర్భం గురించి రాసి లండన్ పంపాడు. బొగ్గు కోసం పోయినవాళ్ళ చేతికి పలకల్లాంటి రాళ్ళలో నల్లగా మెరుస్తూ చేపలు తగిలాయి.

అవి కల్నల్ సైక్స్ చేతికి చేరాయి. ఈ విలియం హెన్రీ సైక్స్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, చేపల పిచ్చి ఉన్న మనిషి. దక్కన్ నదుల్లో బతికున్న చేపల మీద ఒక పెద్ద వ్యాసమే రాశాడు. వాటిలో కొన్నింటికి ఇక్కడి జనం పిలిచే పేర్లనే లాటిన్ తోక తగిలించి శాస్త్రంలోకి ఎక్కించాడు కూడా. రాతి చేపను మాత్రం ఆయన సర్ ఫిలిప్ ఎగర్టన్‌కు చూపించాడు. ఎగర్టన్ ఇంగ్లండులో పెద్ద జమీందారు, పార్లమెంటు సభ్యుడు, శిలాజ చేపలు కూడబెట్టడం ఆయన వ్యసనం. 1851లో సైక్స్ వ్యాసం లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. దానికి చేప వర్ణన ఎగర్టన్ రాశాడు, పేరూ ఆయనే పెట్టాడు. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి. లెపిడోటీస్ డెక్కనెన్సిస్.

ఈ పేరు వినగానే భయపడకండి. మన పేర్ల పద్ధతే ఇది. తెలుగువాళ్ళం ఇంటిపేరు ముందు చెప్పి, అసలు పేరు తర్వాత చెబుతాం. శాస్త్రీయ నామం కూడా అంతే. ముందు ప్రజాతి, అంటే ఇంటిపేరు. తర్వాత జాతి, అంటే ఆ ఇంట్లో ఫలానా మనిషి. జంతువులన్నింటికీ ఇలా రెండు మాటల పేరు పెట్టే ఆచారాన్ని లిన్నేయస్ 1758లో స్థిరపరిచాడు. మనకు ఊరి పేరు ఇంటిపేరులోకి వస్తుంది, వాళ్ళకు చాలాసార్లు అసలు పేరులోకి వస్తుంది. అంతే తేడా. లాటిన్‌లో చివర 'ఎన్సిస్' అని ఉంటే ఫలానా ఊరిది, ఫలానా సీమది అని. డెక్కనెన్సిస్, దక్కను వాస్తవ్యుడు.

ఇక ఇంటిపేరు. లెపిడోటీస్ అంటే పొలుసులు నిండినది. గ్రీకులో లెపిస్ అంటే పొలుసు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందని ఇంకో మెట్టు కిందికి దిగితే లెపీన్ అన్న క్రియ తగులుతుంది. లెపీన్ అంటే ఒలవడం. గీకి తీసేది కనుక పొలుసు. నాకు వెంటనే మేడ్చల్ కత్తిపీట గుర్తొచ్చింది. ఆ గ్రీకు మాట చేపను నీళ్ళలో చూసినవాడు పుట్టించింది కాదు, చేప కోసినవాడి చేతిలో పుట్టింది. సీతాకోకచిలుకల వర్గాన్ని లెపిడాప్టెరా అనడం బడిలో చదివే ఉంటారు. పట్టుకుంటే వేళ్ళకు అంటే ఆ రంగు పొడి కూడా సన్నటి పొలుసే, అందుకని.

లెపిడోటోస్ అని నైలు నదిలో ఒక చేపను గ్రీకులు నిజంగానే పిలిచేవాళ్ళు. ఈజిప్టు వాళ్ళు దాన్ని పవిత్రంగా చూస్తారని హెరొడోటస్ రాశాడు. ఆ పాత పేరునే లూయీ అగాసీ అనే స్విస్ శాస్త్రజ్ఞుడు 1832లో తీసుకుని ఒక శిలాజ చేపల ప్రజాతికి పెట్టాడు. ఆ ఇంట్లోకే మన దక్కను చేప 1851లో వచ్చి చేరింది.

పొలుసులు చాలా చేపలకు ఉన్నాయి కదా, దీనికి మాత్రమే ఆ పేరెందుకు అని అడగవచ్చు. అడగవలసిందే. రవ్వ పొలుసు తీసుకుని వెలుతురులో చూడండి. గోరంత పలుచన, వంచితే వంగుతుంది, ఒకదాని మీద ఒకటి సగం కప్పుకుని ఉంటుంది. చెట్టు మానులో వలయాలున్నట్టు దాని మీదా గీతలుంటాయి, వాటిని లెక్కపెట్టి చేప వయసు చెబుతారు. లెపిడోటీస్ పొలుసు అలాంటిది కాదు. అది ఎముక పలక. ఆకారం పక్కకు ఒరిగిన చతురస్రం, ముగ్గులో చుక్కల మధ్య గీసే గడిలాగా. పైన దట్టంగా పింగాణీ పూత. మన పళ్ళ మీద ఉండే ఎనామిల్‌కు దగ్గరి బంధువు ఆ పూత. గ్రీకులో గానోస్ అంటే మెరుపు, అందుకే వీటిని గానాయిడ్ పొలుసులన్నారు. పద్దెనిమిది కోట్ల ఏళ్ళు రాతిలో పడుకుని లేచినా ఆ మెరుపు పోదు.

ఇంకా తమాషా, అవి అతుక్కునే తీరు. ఒక్కో పలక పై అంచున చిన్న మేకు లాంటి మొన, కింద అంచు లోపలి వైపు ఒక గుంట. కింది పలక మొన పై పలక గుంటలో దిగి కూర్చుంటుంది. మా వైపు పాత ఇళ్ళ మీద బెంగళూరు పెంకులు చూసిన వాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. గూన పెంకు ఊరికే ఒరిగి ఉంటుంది, కోతి దూకితే జారుతుంది. బెంగళూరు పెంకుకు మాత్రం గాడి ఉంటుంది, ఒకటి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. రవ్వది గూన పెంకుల కప్పు, లెపిడోటీస్‌ది బెంగళూరు పెంకుల కప్పు. ఆనాటి కోట చెరువులో ఏ మొసలి లాంటిదో కొరికినా పళ్ళు జారిపోయేలా ఇలా ఒళ్ళంతా బిగించుకుంది ఈ చేప.

ఇక్కడ ఒక ముచ్చట. అదే కోట రాళ్ళలో ఇంకో రెండు చేపలున్నాయి. ఒకటి పారడపీడియం ఎగర్టోని. రెండోది టెట్రగొనోలెపిస్ ఓల్డామీ. ఎగర్టోని అంటే మన ఎగర్టన్ దొరే. ఓల్డామీ అంటే 1851లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు మొదటి అధిపతిగా వచ్చిన థామస్ ఓల్డామ్. చివరి మాటలు మనుషుల పేర్లు సరే, ఇంటిపేర్లు చూడండి. డపీడాన్ అంటే గ్రీకులో గచ్చు, బండలు పరిచిన నేల. అంటే షాబాదు బండలు పరిచినట్టు పొలుసులున్న చేప అని. టెట్రగోనో లెపిస్, నాలుగు మూలల పొలుసు. టెట్రా మన చతుర్ కు తోబుట్టువు. ఒకటి పొలుసులది, ఒకటి పరిచిన బండలది, ఒకటి నాలుగు మూలల పొలుసుది. మూడిళ్ళ వాళ్ళకూ ఇంటిపేరు పొలుసే!

ఎందుకని? నా అనుమానం ఇది. ఆ చేప కన్ను ఏ రంగో, ఎలా ఈదేదో, పిల్లల్ని ఎలా సాకేదో రాతిలో మిగలలేదు. మెత్తనిదంతా పోయింది. వంటింట్లో మొదట గీకి పారేసేది మాత్రమే అక్కడ చివరికి మిగిలింది. పేరు పెట్టేవాడు కళ్ళ ముందున్నదానికే కదా పేరు పెడతాడు. పైగా అగాసీ చేపల జాతులన్నింటినీ పొలుసును బట్టే నాలుగు వర్గాలుగా విడదీసిన కాలం అది. పొలుసు చూసి కులం చెప్పే రోజులు. ఆ వర్గీకరణ తర్వాత నిలవలేదు. లెపిడోటీస్ అన్న పెద్ద కప్పు కింద చేర్చిన ఐరోపా చేపల్లో చాలావాటిని తర్వాతి వాళ్ళు విడదీసి వేరు కాపురాలు పెట్టించారు. పేర్లు మారడం శాస్త్రంలో తప్పేమీ కాదు, ఆస్తి పంపకాలు లేవు కనుక కోర్టుకు పోరు, అంతే.

లెపిడోటీస్ ఇంటివాళ్ళకు ఒళ్ళంతా కవచమే కాదు, నోరూ గట్టిదే. నోట్లో గుండ్రటి బొత్తాల్లాంటి పళ్ళు, గట్టి పెంకులున్న జీవుల్ని నలిపి తినడానికి. ఐరోపాలో రైతులకు ఈ పళ్ళు విడివిడిగా దొరికేవి. గుండ్రంగా, గోధుమ రంగులో, నున్నగా మెరుస్తూ ఉండే వీటిని చూసి జనం ఏమనుకున్నారో తెలుసా? ముసలి కప్ప తలలో పుట్టే మణి అనుకున్నారు. ఉంగరాల్లో పొదిగించుకున్నారు. విషాన్ని కనిపెడుతుందని, విరుగుడని రాజులు, ప్రభువులు వేలికి పెట్టుకున్నారు. పాము తలలో నాగమణి ఉందని నమ్మే మనం నవ్వడానికి లేదు. వాళ్ళకు కనీసం వేలికి పెట్టుకోవడానికి ఒక చేప పన్నైనా దొరికింది.

కవచం ఉన్న పాతకాలపు చేప అనగానే ఇప్పటి పిల్లలు ఇంకో పేరు చెబుతారు. డంకిల్‌ఆస్టియస్. మా ఇంటి పక్క కుర్రాడు సెల్‌ఫోన్‌లో బొమ్మ చూపించి, ఇంతకంటే పెద్దదా అంకుల్ మీ చేప అన్నాడు. కాదు నాయనా. డంకిల్‌ఆస్టియస్ అమెరికాలోని ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న నల్ల రాళ్ళది, 36 కోట్ల ఏళ్ళ కిందటిది. తల, మెడ మీద మందపాటి ఎముక పలకలు. పళ్ళ బదులు దవడ ఎముకే కత్తెరలా సానపట్టి ఉంటుంది. 1867లో జే టెరెల్ అనే ఆయనకు దొరికింది. మొదట దాన్ని 'భయంకరమైన చేప' అన్నారు గ్రీకులో. 1956లో ఫ్రెంచివాడు లెమాన్, క్లీవ్‌లాండ్ మ్యూజియంలో పనిచేసిన డేవిడ్ డంకిల్ పేరు మీద కొత్త పేరు పెట్టాడు. ఆస్టియన్ అంటే ఎముక. సంస్కృతంలో అస్థి. ఇవి కూడా ఒక తల్లి బిడ్డలే. డంకిల్ గారి అస్థి! వినడానికి ఎవరో కాశీలో కలపడానికి తీసుకెళ్తున్నట్టుంది. ఎనిమిది, పది మీటర్ల పొడవుండేదని చాలాకాలం చెప్పుకున్నారు. 2023లో ఒక పరిశోధకుడు తల కొలతల్ని మళ్ళీ లెక్కగట్టి నాలుగు మీటర్లకు అటూ ఇటూ అన్నాడు. మా పక్కింటి కుర్రాడికి ఆ మాట చెబితే ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

మనిషి పేరు పెడితే చేప గురించి ఏమీ తెలియదు. రూపం పేరు పెడితే సగం తెలుస్తుంది. ఊరి పేరు పెడితే ఎక్కడికి పోయి వెతకాలో తెలుస్తుంది. నాకు మూడోదే ఇష్టం. అందుకే ఎగర్టన్ మీద ఒక ఫిర్యాదు ఉంది. డెక్కనెన్సిస్ అన్నాడు. దక్కను అంటే ఎంత పెద్దది! నాసిక్ నల్లరాయి దక్కనే, మా శామీర్‌పేట గ్రానైటూ దక్కనే. ఆ రెంటిలో దేన్ని పగలగొట్టినా ఈ చేప రాదు. కోట అని పెట్టినా, ప్రాణహిత అని పెట్టినా ఉత్తరం సరైన ఇంటికి చేరేది. లండన్‌లో కూర్చుని చూస్తే ప్రాణహిత కనపడదేమో మరి.

తర్వాతి వాళ్ళు ఈ లోటు తీర్చారు. అదే కోట రాళ్ళలో దొరికిన పెద్ద రాక్షస బల్లికి 1988లో జియలాజికల్ సర్వేకు చెందిన పి. యాదగిరి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. కోట బల్లి, యామన్‌పల్లిది. ఊరు రెండుసార్లు. దాని అస్థిపంజరం హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది, పలు జంతువుల ఎముకలు కలిపి కూర్చింది. రెబ్బెన అనే ఊరి పేరు మీద రెబ్బనసారస్ అనే చిన్న సరీసృపం ఉంది. దాని రెండో మాట జైనీ. కోట చేపల్ని ఏళ్ళ తరబడి చదివి లెపిడోటీస్ మీద వివరంగా రాసిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞుడు ఎస్.ఎల్. జైన్‌ను తలుచుకుంటూ పెట్టిన పేరది. గోదావరి పేరు మీద గోదావరిసారస్ ఉంది. గోండుల పేరు మీద గోండ్‌థీరియం అనే చిట్టెలుకంత పాలిచ్చే జీవి ఉంది. అన్నింటికంటే నాకు నచ్చింది పైకసిగూడోడాన్ యాదగిరీ. ఒడాన్ అంటే దంతం, అదీ మన మాటకు చుట్టమే. పైకసిగూడెం దంతం, యాదగిరి పేరిట. ఆ రెండు మాటలు గ్రీకు, లాటిన్ అంటే మన ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు.

మన మాట శాస్త్రంలోకి వెళ్ళడం ఇప్పుడు మొదలైంది కూడా కాదు. విశాఖపట్నంలో కంపెనీ కొలువులో ఉన్న పాట్రిక్ రస్సెల్ అక్కడి రెండు వందల చేపల బొమ్మలు వేయించి, జాలర్లు చెప్పిన పేర్లతోనే 1803లో అచ్చు వేశాడు. వాటిలో ఒకటి తోలు పార. దాన్ని చూసి ఫ్రాన్సులో కువియే తన లాటిన్ పేరులో 'తోల్' అని అలాగే ఉంచేశాడు. ఇవాళ్టికీ ఆ చేప స్కాంబరాయిడిస్ తోల్. కోస్తా జాలరి నోటి మాట రెండు వందల ఏళ్ళుగా లోకమంతా తిరుగుతోంది.

మళ్ళీ మన పొలుసుల చేప దగ్గరికి. ఆ వంశం అంతరించిందా అంటే, దూరపు దాయాదులు ఉన్నారు. అమెరికా ఖండాల్లో గార్ అనే పొడవు ముక్కు చేపలు. వాటికి ఇప్పటికీ అదే గానాయిడ్ కవచం. అక్కడి ఆదివాసులు ఆ పొలుసుల్ని బాణాలకు ములుకులుగా వాడేవారు. వీటిలో పెద్దదైన మొసలి ముఖపు గార్ 2023లో భోపాల్‌లో ఒకసారి, కాశ్మీర్ దాల్ సరస్సులో ఒకసారి వలకు పడి వార్తల్లోకెక్కింది. సముద్రం ఈదుకుని వచ్చింది కాదు. ఎవరో గాజు తొట్టిలో పెంచుకుని, అది పెరిగిపోతే తీసుకెళ్ళి వదిలేసి ఉంటారు.

మా దయ్యం చేపదీ అదే కథ. దక్షిణ అమెరికా నదుల జీవి. గాజు తొట్టి గోడల మీద నాచు గీకి తింటుందని, తొట్టి శుభ్రం చేస్తుందని వేలెడంత పిల్లను అమ్ముతారు. ఏడాది తిరిగేసరికి తొట్టి చాలదు. చంపడానికి మనసు రాదు. దగ్గర్లో చెరువు ఉండనే ఉంది. పుణ్యం చేసినట్టు అనుకుని వదులుతారు. దాని ఒంటి మీద ఉన్నది లెపిడోటీస్ పొలుసు కాదు, వేరే దారిలో వచ్చిన ఎముక పలకల వరసలు, వాటి మీద పళ్ళను పోలిన సన్నటి ముళ్ళు. మన కొంగలకు, కొర్రమట్టలకు ఆ కవచం మింగుడు పడదు. నీళ్ళు తగ్గినా పొట్టతో గాలి పీల్చి గంటల తరబడి బతుకుతుంది. గుడ్లు పెట్టడానికి గట్టును తొలిచి బొరియలు చేస్తుంది. చెరువు కట్టకు అది ఏం చేటో మట్టి పని తెలిసిన ఎవరిని అడిగినా చెబుతారు. హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు నీళ్ళు ముంచి తెచ్చి, అందులో రాలిన డీఎన్‌ఏ ఆనవాళ్ళను బట్టి తూర్పు కనుమల చెరువుల్లో ఈ చేప జాడ తీశారు. వల వేయకుండానే తెలుస్తుందన్నమాట.

మొన్న ఆదివారం కత్తిపీట దగ్గర ఆమెకు ఇదంతా చెప్పాను. లెపిడోటీస్ పేరు కూడా చెప్పాను. అంతా విని, "మరి గా పొలుసుల చేపను ఎట్ల కోసిండ్రు సారూ అప్పట్ల?" అంది. అప్పట్లో కోసేవాళ్ళు ఎవరూ లేరక్కా అన్నాను. నవ్వి, నా రవ్వ తోక పట్టుకుంది.

శ్రోతలకు నావి రెండు విన్నపాలు. చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి, రెబ్బెన వైపు పొలాల్లో, వాగుల్లో లేత రంగు రాతి పలక మీద నల్లగా, నున్నగా, గళ్ళు గళ్ళుగా మెరుపు కనపడితే దాన్ని పగలగొట్టకండి, గోడలో పెట్టి కట్టుకోకండి. ఫోటో తీసి, దొరికిన చోటు రాసి పెట్టుకుని, హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే కార్యాలయానికి తెలపండి. ఇక మీ ఇంట్లో గాజు తొట్టి ఉండి, అందులో చిరుత మచ్చల చేప జానెడు దాటితే కొన్న దుకాణానికే తిరిగి ఇచ్చేయండి. శామీర్‌పేట చెరువులో గానీ, మీ ఊరి చెరువులో గానీ మాత్రం వదలకండి.